ముందు ఊహ రాయాలి, ఆ తరువాతే ప్రయోగం

జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజుల్లోనే ఏడో తరగతి పిల్లలను నేను ఒక ప్రశ్న అడుగుతాను. ఎండలో నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ బొత్తిగా లేకుండా పోయే వేళ ఏది? జవాబును ఎవరూ పైకి చెప్పకూడదు, పక్కవారిది చూడకూడదు, చిన్న కాగితం మీద రాసి మడిచి నా బల్ల మీది పెట్టెలో వేయాలి. దాదాపు ప్రతి సంవత్సరం, దాదాపు ప్రతి కాగితం మీద ఒకే మాట ఉంటుంది: "రోజూ మధ్యాహ్నం 12 గంటలకు." ఆ తరువాత మీటరు పొడవున్న కర్రను తీసుకుని అందరం మేడ మీదికి వెళ్తాము. జూన్ మూడో వారంలో చెన్నైలో నడిమధ్యాహ్నం ఆ కర్రకు దాదాపు 18 సెంటీమీటర్ల నీడ పడుతుంది, అది కూడా దక్షిణం వైపుకు పడుతుంది. సూర్యుడు నెత్తి మీద ఉంటాడని నమ్మిన పిల్లలకు, ఆ వేళ సూర్యుడు తమకు ఉత్తరాన ఉన్నాడని ఆ నీడే చెబుతుంది. అప్పుడు వారి ముఖాల్లో కనిపించే కలవరాన్ని నేను ఎంతో విలువైనదిగా చూస్తాను, ఎందుకంటే అది తాము రాసిన మాటకూ తాము చూసిన నీడకూ మధ్య పొంతన కుదరక పుట్టిన కలవరం.

నేను ఉత్తర చెన్నైలోని ఒక పాఠశాలలో పంతొమ్మిది సంవత్సరాలుగా గణితం, విజ్ఞానశాస్త్రం బోధిస్తున్నాను. మా పిల్లల్లో చాలామంది పెరంబూరు, వ్యాసర్పాడి ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి వస్తారు. తరగతి గదిలో చేయించదగిన ప్రయోగాల గురించి, ఆటల గురించి తోటి ఉపాధ్యాయులు తరచుగా నన్ను అడుగుతుంటారు. వారికి నేను చెప్పేదల్లా ఒక్కటే: పిల్లవాడు ముందుగా తన ఊహను రాయకుండా చూసిన ప్రయోగం కంటికి పండుగగానే మిగిలిపోతుంది, ఊహను రాసిన తరువాత చూసిన ప్రయోగం ఆలోచనలోకి దిగుతుంది. ఈ మాటను నేను పుస్తకాల నుంచి నేర్చుకోలేదు, నా పొరపాటు నుంచి నేర్చుకున్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో సంవత్సరంలో నేను తరగతిలో అగ్నిపర్వతం నమూనా తయారు చేశాను. బంకమట్టితో కొండ, దాని నడుమ సీసా, అందులో వంటసోడా, ఎర్రరంగు కలిపిన వెనిగర్. నురగ పొంగి కొండ మీదుగా జారగానే పిల్లలు చప్పట్లు కొట్టారు, పక్క తరగతి పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరారు, నాకు చాలా సంతోషం కలిగింది. రెండు వారాల తరువాత పెట్టిన పరీక్షలో అగ్నిపర్వతం ఎందుకు బద్దలవుతుందో రాయమంటే, భూమి లోపల వంటసోడా, ఆమ్లం కలవడం వల్ల అని పలువురు రాశారు. కరిగిన శిలాద్రవం గురించి గాని, అందులో ఇమిడిన వాయువులు పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి వ్యాకోచించడం గురించి గాని ఆ నమూనాలో ఏమీ లేదు. పిల్లలు తాము చూసినదాన్నే నిజాయితీగా రాశారు. వారికి తప్పు నేర్పినది నేనే. ఆ జవాబు పత్రాలు దిద్దిన రాత్రి నుంచి, ఏ ప్రయోగాన్ని తరగతిలోకి తీసుకువెళ్లాలన్నా, ఇది పిల్లల మనసులో ఇప్పటికే ఉన్న ఏ నమ్మకాన్ని పరీక్షిస్తుంది అని ముందుగా నన్ను నేను ప్రశ్నించుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఈ పద్ధతికి విద్యా పరిశోధనలో చాలాకాలంగా గుర్తింపు ఉన్నదని తరువాత తెలిసింది. ఆస్ట్రేలియాకు చెందిన రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టోన్ 1992లో దీనిని ఊహించడం, గమనించడం, వివరించడం అనే మూడు మెట్లుగా వివరించారు. మూడో మెట్టు అన్నింటికన్నా కష్టమైనది, తరగతిలో సమయం చాలక మనం తరచుగా వదిలేసేది కూడా అదే.

ఆరో తరగతిలో నీటి మీద తేలే వస్తువుల పాఠానికి నేను కమలాపండును వాడతాను. బకెట్ నిండా నీళ్లు పెట్టి, ఒక కమలాపండును తొక్కతోనే అందులో వేస్తే అది తేలుతుంది. తీసి తొక్క ఒలిచి మళ్లీ వేస్తే ఏమవుతుంది? తొక్క తీసేస్తే బరువు తగ్గుతుంది కాబట్టి ఇంకా బాగా తేలుతుందని ఎక్కువ మంది రాస్తారు. ఒలిచిన పండు నెమ్మదిగా అడుగుకు చేరుతుంది. ఆ క్షణంలో తరగతి అంతా ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెడుతుంది, ఆ సందడిని నేను ఆపను. తొక్కలోని తెల్లటి మెత్తని భాగంలో గాలి చిక్కుకుని ఉంటుందని, తొక్క పోయినప్పుడు బరువు కొంత తగ్గినా పండు ఆక్రమించే చోటు అంతకన్నా ఎక్కువగా తగ్గుతుందని పిల్లలే మాటల్లో పెట్టుకోవడానికి పావుగంటకు పైగా పడుతుంది. ఒక సంవత్సరం, కాసిమేడు చేపల రేవులో పనిచేసే కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి లేచి, "టీచర్, మా తాత కట్టుమరం మనుషులకన్నా ఎంతో బరువు, అయినా మునగదు, ఎందుకంటే ఆ దుంగ ఎంత చోటు పడుతుందో అంత నీళ్లు తూస్తే దుంగకన్నా నీళ్లే ఎక్కువ బరువుంటాయి" అన్నాడు. సాంద్రత అనే పదాన్ని నేను ఆ తరువాతే నల్లబల్ల మీద రాశాను. ఈ ప్రయోగం చేయదలచిన వారికి ఒక జాగ్రత్త చెప్పాలి. తొనల మధ్య ఖాళీలు ఎక్కువగా ఉండే వదులు పండ్లు ఒలిచినా ఒక్కోసారి తేలుతాయి కాబట్టి, ముందురోజు ఇంట్లో పరీక్షించి చూసుకోవడం మంచిది.

ఊహను కాగితం మీదనే ఎందుకు రాయించాలి, చేతులెత్తమంటే సరిపోదా అని ఒక సహోద్యోగిని నన్ను అడిగారు. చేతులెత్తమన్నప్పుడు పిల్లలు ముందు తరగతిలో తెలివైనవారని పేరున్న ఇద్దరు ముగ్గురి వైపు చూస్తారు, ఆ తరువాతే తమ చేయి ఎత్తుతారు. కాగితం ఆ ఆధారాన్ని తీసేస్తుంది. పేరు రాయనక్కరలేదని చెప్పడం వల్ల తప్పవుతుందేమోననే భయం కూడా పోతుంది. కాగితాలు తెరిచి, ఏ జవాబుకు ఎంతమంది ఉన్నారో నల్లబల్ల మీద లెక్క వేసి, ఏది ఒప్పో చెప్పకుండా, పక్కవారితో రెండు నిమిషాలు వాదించుకోమంటాను. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల దశకం తొలి రోజుల నుంచి పెద్ద తరగతుల్లో ఇదే మార్గాన్ని అనుసరించారు. విద్యార్థి ముందు ఒంటరిగా జవాబు ఎంచుకుంటాడు, తరువాత పక్కవాడిని ఒప్పించే ప్రయత్నం చేస్తాడు, ఆ తరువాత మళ్లీ జవాబు చెబుతాడు. నలభై మంది ఉన్న మా తరగతిలో ఇది మరింత అవసరమని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే నలభై మందితో నేను ఒక్కదాన్ని మాట్లాడలేను గాని, ఇరవై జంటలు ఒకే సమయంలో మాట్లాడుకోగలవు.

ఇందులో ఉపాధ్యాయులకు అన్నింటికన్నా కష్టమైనది మౌనంగా ఉండడం. ప్రశ్న వేసిన తరువాత ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను కూడా సరిగా ఆగరని, ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో కూడినవిగా మారతాయని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల దశకంలో చూపించారు. నేను మనసులో అయిదు అంకెలు నెమ్మదిగా లెక్కపెట్టుకుంటాను. మొదటి కొన్ని నెలలు ఆ అయిదు అంకెలు నాకు చాలా దీర్ఘంగా తోచాయి.

గణితంలో ఊహలు రాయించడానికి దశాంశాలకు మించిన చోటు లేదు. 0.35 పెద్దదా, 0.4 పెద్దదా అని అడిగితే, 35 కన్నా 4 చిన్నది కాబట్టి 0.35 పెద్దదని చాలామంది రాస్తారు. ఈ తప్పుకు మూలం నిర్లక్ష్యం కాదు. బిందువుకు ఇటూ అటూ ఉన్న అంకెలను రెండు వేర్వేరు సంఖ్యలుగా చదవడం పిల్లలకు బయటి ప్రపంచమే నేర్పుతుంది. రూపాయలు, పైసలు అలాగే చదువుతాము. మా పిల్లలు చేపాక్ మైదానంలో క్రికెట్ ఆట జరుగుతున్నప్పుడు కళ్లార్పకుండా చూసే స్కోరు బోర్డు ఇంకా లోతైన చిక్కు తెస్తుంది. 4.5 ఓవర్లు అంటే నాలుగు ఓవర్ల మీద అయిదు బంతులు, ఆ తరువాతి బంతికి అది 5 ఓవర్లు అవుతుంది. అంటే అక్కడి బిందువు పదుల లెక్కలో నడవదు, ఆరుల లెక్కలో నడుస్తుంది. రన్‌రేటు లెక్కించాలంటే 4.3 ఓవర్లను 4.5గా మార్చుకోవాలని తెలుసుకున్న రోజున మా అబ్బాయిల్లో ఒకరు మధ్యాహ్న భోజనం మానుకుని లెక్కలు వేశారు. దశాంశాల కోసం నేను పాత క్యాలెండర్ కాగితాలతో మీటరు పొడవు పట్టీలు కత్తిరించి ఇస్తాను. పిల్లలు దానిని పది భాగాలుగా మడిచి, ఒక్కో భాగాన్ని మళ్లీ పదిగా గీతలు గీసి, 0.35, 0.4 రెండింటికీ వేర్వేరు రంగులు వేస్తారు. తాము ముందు రాసిన జవాబును ఆ పట్టీ వెనక అంటించమంటాను, దిద్దమని మాత్రం చెప్పను. నాలుగు నెలల తరువాత ఆ పట్టీలు తిరిగి ఇచ్చినప్పుడు తమ పాత జవాబు చదువుకుని, అప్పుడు అలా ఎందుకు అనుకున్నారో వారే వివరిస్తారు.

కాగితం మడతలతో గణితం బోధించడం ఈ ఊరికి కొత్త కాదు. కాగితపు మడతలతో రేఖాగణిత అభ్యాసాల మీద టి. సుందరరావు గారు ఆంగ్లంలో రాసిన పుస్తకం 1893లో మద్రాసులోనే అచ్చయింది. కిండర్‌గార్టెన్ పిల్లల కోసం రూపొందిన కాగితపు మడతల నుంచే తనకు ఆ ఆలోచన వచ్చిందని ఆయన చెప్పుకున్నారు. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని నల్లబల్ల మీద నిరూపించే ముందు, కాగితపు త్రిభుజం మూడు మూలలను మడిచి ఒకే బిందువు దగ్గర చేర్చమని మా పిల్లలను నేను అడిగేటప్పుడు ఆయనను తలచుకుంటాను.

సంభావ్యత పాఠానికి మా తరగతిలో అష్టాచెమ్మా ఆడతాము. మా పిల్లల అమ్మమ్మలకు, నాయనమ్మలకు బాగా తెలిసిన ఆట ఇది, గవ్వలు దొరకనప్పుడు చింతపిక్కలను ఒకవైపు నేల మీద అరగదీసి తెల్లగా చేసి వాడడం కూడా వారికి అలవాటే. నాలుగు పిక్కలు వేస్తే తెల్లవైపు పైకి పడినవాటిని లెక్కించాలి. నాలుగూ తెల్లవైతే చెమ్మా, ఒక్కటీ తెల్లది కాకపోతే అష్టా, ఆ రెండింటికీ మరో పందెం వేసే హక్కు వస్తుంది. ఆట మొదలుకాక ముందు, నూట అరవై సార్లు వేస్తే ఒకటి, రెండు, మూడు, చెమ్మా, అష్టా ఒక్కొక్కటి ఎన్నిసార్లు పడతాయో రాయమంటాను. అయిదు ఫలితాలున్నాయి కాబట్టి ఒక్కొక్కటి ముప్పై రెండు సార్లు అని ఎక్కువమంది రాస్తారు. తరువాత నలుగురేసి పిల్లల గుంపులు నేల మీద కూర్చుని పిక్కలు వేస్తూ, పడినవాటికి గీతలు గీస్తూ పోతే, రెండు అన్న వరుస గీతలతో నిండిపోతుంది, చెమ్మా వరుస దాదాపు ఖాళీగా మిగులుతుంది.

దీనికి కారణం చెప్పించడానికి నేను తెలుగు మాస్టారి సాయం తీసుకుంటాను. పద్యపాదాన్ని గురువులు, లఘువులుగా విడదీసి గణాలు గుర్తించడం పిల్లలకు తెలుగు తరగతిలో పరిచయం అయి ఉంటుంది. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకున్నాయి, తొమ్మిదోది ఎందుకు లేదు అని అడిగితే మొదట నిశ్శబ్దంగా ఉంటారు. ఒక్కో అక్షరానికి రెండే దారులు కాబట్టి రెండు, నాలుగు, ఎనిమిది అని ఎవరో ఒకరు చెబుతారు. ఆ ఎనిమిదింటిని గురువుల సంఖ్యను బట్టి వేరు చేస్తే, గురువులే లేనిది న గణం ఒక్కటి, ఒక గురువు ఉన్నవి భ, జ, స అనే మూడు, రెండు గురువులున్నవి య, ర, త అనే మూడు, అన్నీ గురువులే అయినది మ గణం ఒక్కటి. 1, 3, 3, 1. యమాతారాజభానసలగం అన్న ఒక్క మాటలోనే, ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు చదివితే ఆ అక్షరం పేరున్న గణం అక్కడే దొరుకుతుందని కూడా చూపిస్తాను, పిల్లలు ఆ మాటను వేళ్ల మీద సరిచూసుకుంటూ ఆ గంటంతా వదిలిపెట్టరు. ఇప్పుడు గురువు బదులు తెల్ల పిక్క, లఘువు బదులు నల్ల పిక్క అనుకుని నాలుగింటికి లెక్కిస్తే 1, 4, 6, 4, 1 వస్తుంది, మొత్తం 16. పింగళుని ఛందశ్శాస్త్రానికి పదో శతాబ్దంలో వ్యాఖ్యానం రాసిన హలాయుధుడు మేరు ప్రస్తారం అన్న పేరుతో వివరించినది ఈ అంకెల కొండనే. రెండు పడడానికి 16లో 6 దారులు, చెమ్మాకు ఒక్కటే దారి, అష్టాకు ఒక్కటే దారి. అరుదుగా పడేవాటికే మరో పందెం ఇవ్వాలని ఆ ఆటను కూర్చినవారు ఎంత చక్కగా నిర్ణయించారో ఇక నేను చెప్పవలసిన పని లేదు.

అయితే పాఠం అక్కడితో ముగియదు. లెక్క ప్రకారం చెమ్మా, అష్టా సమానంగా పడాలి, మా పిల్లల గీతల్లో మాత్రం అష్టా రెండింతలకు పైగా పడింది. లెక్క తప్పా, పిక్కలు తప్పా? ఒక అమ్మాయి ఒకే పిక్కను వందసార్లు వేసి చూసి, తెల్లవైపు సగం కన్నా తక్కువసార్లు పైకి వస్తోందని తేల్చింది. 16 దారులూ సమానమని మనం అనుకున్న మాట నాణేనికి సరిపోతుంది గాని, ఒకవైపు అరగదీసిన పిక్కకు సరిపోదని ఆ అమ్మాయి తన నోటుపుస్తకంలో రాసుకుంది. పాఠ్యపుస్తకంలోని పాచికలు, నాణేలు ఎప్పుడూ నిష్పాక్షికంగానే ఉంటాయి కాబట్టి ఈ సందేహం అక్కడ పుట్టే అవకాశమే లేదు.

విద్యుత్ వలయాల పాఠానికి ఒక సెల్లు, ఒక తీగ, టార్చిలైటులో వాడే తీగబల్బు ఒకటి చాలునని పాత పద్ధతి చెబుతుంది, ఆ మూడింటితో బల్బు వెలిగించే బొమ్మను ముందుగా గీయమంటే పెద్దలు కూడా తడబడతారు. ఇప్పుడు ఆ బల్బులు దుకాణాల్లో అరుదైపోయాయి, అందుకని రిచీ స్ట్రీట్‌లో చవకగా దొరికే ఎల్‌ఈడీలు కొని తెస్తాను. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి దాదాపు 2 వోల్టులు కావాలి కాబట్టి 1.5 వోల్టుల సెల్లు ఒక్కటి చాలదు, రెండు కావాలి. పొడవు కాలు ధన ధ్రువానికి తగిలించకపోతే అది అసలు వెలగదు. ఈ రెండు విషయాలు పిల్లలకు ముందే చెప్పి పాఠాన్ని చప్పగా చేయవద్దని మాత్రం కోరుతాను.

ఏ పాఠానికైనా ప్రయోగం ఉండాలన్న పట్టుదల నాకు లేదు. ఎక్కాలు వల్లెవేసి నోటికి రప్పించుకోవలసినవే, ఆవర్తన పట్టికలోని మొదటి ఇరవై మూలకాల పేర్లూ అంతే. ప్రయోగానికి పట్టే సమయం ఎక్కువ, మన పాఠ్య ప్రణాళిక బరువూ ఎక్కువ, అందుకే పిల్లల నమ్మకం బలంగా తప్పుదారిలో ఉన్న చోట మాత్రమే ఆ సమయాన్ని ఖర్చు పెడతాను. ఖర్చు గురించి భయపడేవారికి మాత్రం ఒక విషయం గుర్తుచేయాలి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో మొదలై 2002 వరకు సాగిన విజ్ఞాన బోధన కార్యక్రమంలో, మామూలు గ్రామీణ బడుల పిల్లలు చవకైన సామగ్రితో తమ చేతులతోనే ప్రయోగాలు చేసి నేర్చుకున్నారు. ప్రయోగశాల లేదన్న కారణం చూపి ప్రయోగాన్ని వదిలేయడం నాకు సమ్మతం కాదు.

భాష విషయంలో కూడా నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మా పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు మోస్తారు. ఊహ రాసేటప్పుడు ఏ భాషలోనైనా, మూడూ కలిపైనా రాయవచ్చునని చెబుతాను. కమలాపండు గురించి ఇంగ్లీషులోనే రాయాలని ఒక సంవత్సరం పట్టుబట్టినప్పుడు, సగం కాగితాల మీద ఒక్క పదమే వచ్చింది. తెలుగులో రాయమన్న తరువాత అవే చేతులు నాలుగేసి వాక్యాలు రాశాయి. శాస్త్ర పదాన్ని ఏ భాషలో నేర్పినా, అది అర్థమైనదానికి పెట్టే పేరుగా చివర రావాలి.

మళ్లీ నీడ దగ్గరికి వస్తాను. జూన్‌లో దక్షిణం వైపు పడిన నీడ వారం వారం చిన్నదవుతూ రావడాన్ని పిల్లలు మేడ మీద సుద్దముక్కతో గుర్తులు పెడుతూ గమనిస్తారు. చెన్నై అక్షాంశం 13.08 డిగ్రీలు, సూర్యుడు ఉత్తరాయణంలో ఒకసారి, దక్షిణాయనంలో ఒకసారి ఆ అక్షాంశం మీదుగా దాటుతాడు. ఆ రెండు రోజులు ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతంలో వస్తాయి. ఏప్రిల్‌లో పరీక్షలు, సెలవుల హడావిడి ఉంటుంది కాబట్టి మాకు మిగిలేది ఆగస్టు. ఆ రోజు కూడా నీడ మాయమయ్యేది 12 గంటలకు కాదు, సుమారు 12 గంటల 13 నిమిషాలకు. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి నడుస్తాయి, చెన్నై అంతకన్నా పడమరగా 80.27 దగ్గర ఉంది, పైగా ఆ కాలంలో సూర్యుడు గడియారం కన్నా దాదాపు నాలుగు నిమిషాలు వెనకబడి ఉంటాడు. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీలో నీడ లేని రోజు ఎన్నడూ రాదని చెప్పినప్పుడు పిల్లలు తమ ఊరి విషయంలో కొంత గర్వపడతారు.

విజయవాడలో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న మా పిన్ని కూతురు తన విద్యార్థులతో అదే రోజు, అదే కొలత కర్రతో నీడ కొలుస్తుంది. చెన్నైకీ విజయవాడకూ రేఖాంశంలో అర డిగ్రీ తేడా కూడా లేదు, అంటే విజయవాడ చెన్నైకి దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది, నడిమధ్యాహ్నం రెండుచోట్లా రెండు నిమిషాల తేడాలోనే వస్తుంది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్ ఈజిప్టులోని సైనీ, అలెగ్జాండ్రియా నగరాల నీడలను పోల్చి భూమి చుట్టుకొలతను లెక్కించారు, ఆ పనినే మేము ఇక్కడ చేస్తాము. ఆయనకు కోణం వృత్తంలో యాభయ్యో వంతు వచ్చింది, రెండు నగరాల మధ్య దూరం ఆనాటి గ్రీకు కొలతలో 5000 స్టేడియాలు. గత ప్రయత్నంలో మా కర్రకు నీడ లేని వేళ, విజయవాడలోని మీటరు కర్రకు 5.8 సెంటీమీటర్ల నీడ పడిందని ఫోనులో కబురు వచ్చింది. ఏడో తరగతి పిల్లలకు త్రికోణమితి తెలియదు, అయినా ఇబ్బంది లేదు. మీటరు కర్రను వ్యాసార్ధంగా తీసుకుంటే వృత్తం చుట్టుకొలత 628 సెంటీమీటర్లు, అందులో 5.8 ఎన్నో వంతో, భూమి చుట్టుకొలతలో చెన్నై, విజయవాడల దూరం దాదాపు అన్నో వంతు.

ఆ దూరం ఎంత అన్నప్పుడు ఒక పిల్లవాడు వెంటనే 431 కిలోమీటర్లన్నాడు, వేసవి సెలవులకు వాళ్లు వెళ్లే రైలు టిక్కెట్టు మీద ఆ అంకె ఉందట. దానితో లెక్కిస్తే భూమి చుట్టుకొలత 46,000 కిలోమీటర్లు దాటిపోయింది. రైలు గూడూరు, నెల్లూరు, ఒంగోలు మీదుగా వంపులు తిరిగి వెళ్తుందని గుర్తించింది వారే, పటం మీద దారం పెట్టి నేరుగా కొలిచి 380 కిలోమీటర్లని తేల్చిందీ వారే. ఈసారి సుమారు 41,100 వచ్చింది. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత 40,008 కిలోమీటర్లని నేను చెప్పగానే, ఆ అదనపు వెయ్యి కిలోమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతకడం మొదలైంది. కర్ర ఒక్క డిగ్రీ వాలినా నీడ 1.7 సెంటీమీటర్లు తప్పుతుంది, అందుకే మేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూసుకునే దారపు గుండును కర్ర పక్కన వేలాడదీస్తాము. అది సరిగానే ఉంది. మరి నీడ కొన ఎక్కడ ముగిసిందని ఇద్దరు పిల్లలను అడిగితే ఇద్దరూ వేర్వేరు చోట్ల గుర్తు పెట్టారు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల, కాబట్టి మీటరు ఎత్తు నుంచి పడే నీడ కొన దాదాపు 9 మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది. మొత్తం నీడే 5.8 సెంటీమీటర్లయినప్పుడు అది చిన్న విషయం కాదు.

రెండు మీటర్ల కర్ర పెడదామని ఒక అమ్మాయి ప్రతిపాదించింది. తరగతి అంతా ఒప్పుకుంది. నేను ఊహలు రాయమన్నాను, అందరూ పొరపాటు సగానికి తగ్గుతుందని రాశారు. రెండు కర్రలను పక్కపక్కన నిలిపి చూస్తే, నీడ రెండింతలు అయింది, మసక కూడా రెండింతలు అయింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మరునాడు అదే అమ్మాయి పాత పుస్తకం అట్ట ముక్కకు సూదితో రంధ్రం చేసి తెచ్చి, దానిని కర్ర చివర అడ్డంగా బిగిస్తే నీడ మధ్యలో సూర్యుడి గుండ్రటి వెలుగు బిళ్ల పడుతుందని, మసక అంచును వెతకడం కన్నా ఆ బిళ్ల నడిమధ్యను గుర్తించడం తేలికని చూపించింది. అలాంటి అట్ట ఒకటి విజయవాడకు పోస్టులో పంపించాము. ఈ ఆగస్టు 18న మబ్బులు లేకపోతే రెండుచోట్లా దానితోనే కొలుస్తాము, ఎంత వస్తుందో రాసిన కాగితాలు ఇప్పటికే నా బల్ల మీది పెట్టెలో చేరుతున్నాయి.